‘ఏదో పని’ దగ్గర ఆగిపోయాను

కృష్ణరాజపురం, బెంగళూరు
ఆదివారం

నాయనా,

నీ కథ, దానితో పాటు నువ్వు రాసిన ఉత్తరం బుధవారం అందాయి. కథ రెండుసార్లు చదివాను. ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

కథ ఎనిమిదో పేజీలో నేను ఆగిపోయాను. ‘అతను బెంగళూరులో ఏదో పని చేస్తూ రోజులు నెట్టుకొస్తున్నాడు’ అని రాశావు అక్కడ. పెన్సిల్ తీసుకుని ‘ఏదో పని’ కింద గీత గీశాను. కాసేపటికి ఆ గీత మీదే ఇంకో గీత గీశాను, కాగితం చిరిగింది. నిజంగానే కోపం వచ్చింది. ఇరవై రెండు పేజీల కథ. నలుగురు కుర్రాళ్లు. మన కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో (కేజీఎఫ్) గని రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బ ఎక్కి కూర్చుంటారు, బీరు తాగుతారు, ఊరిని తిడతారు, ఒకడు రైలు కింద పడి చచ్చిపోతాడు. ఆ నలుగురిలో ఒక్కడు కూడా బతకడానికి ఏం చేస్తాడో నాకు తెలియలేదు. ‘నిరాశ’ పదకొండుసార్లు వచ్చింది, ‘శూన్యం’ ఆరుసార్లు. నేను లెక్కపెట్టాను.

ఆ తర్వాత మళ్లీ నీ ఉత్తరం తీశాను. సంతకానికి పైన రాసిన రెండు వాక్యాలు ఇవి: ‘అక్షరాలు వంకరగా ఉన్నందుకు క్షమించండి అమ్మా. రాత్రంతా గోడౌన్‌లో పార్సిళ్ల స్కానర్ నొక్కి నొక్కి చూపుడువేలు వంగడం లేదు.’

ఇదీ నీ కథ. కథలో పెట్టకుండా ఉత్తరంలో, అదీ క్షమాపణ కింద రాశావు. నాకు జవాబు రాయబుద్ధి పుట్టింది ఈ రెండు వాక్యాల వల్లే.

కథలో నాకు నచ్చింది కూడా ఒకటుంది, చెప్పేస్తాను. పదకొండో పేజీలో వాడి అమ్మ తెల్లారుజామున మూడున్నరకి లేచి, చిత్రాన్నం డబ్బాలో పెట్టి, మూత మీద రబ్బరు బ్యాండు వేస్తుంది. ఆ వాక్యం అక్షరం కూడా మార్చకు. ఆ రబ్బరు బ్యాండు చూసి నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

ఇక నా మాట.

నేను మొదటి కథ రాసింది 1972లో. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. కేజీఎఫ్‌లో ఛాంపియన్ రీఫ్ గని కార్మికుల లైన్లలో ఉండేవాళ్లం. నీకు చెప్పక్కర్లేదు ఆ లైన్లు ఎట్లా ఉంటాయో, ఒక గది, ముందు చిన్న వసారా, పక్కింట్లో దగ్గితే మనింట్లో వినిపించేది. నాన్న గనిలో మిషన్ పట్టేవాడు. రాయికి బెజ్జాలు వేసి మందు కూరడానికి సిద్ధం చేసే పని. ఆ కథ నాన్న మీదే రాశాను. ‘భూమాత చీకటి గర్భంలోకి’ అని మొదలవుతుంది. చెమట, రక్తం, బంగారం, దోపిడీ అన్నీ ఉన్నాయి అందులో. నాన్నకి చదువు రాదు. ఒక ఆదివారం సాయంత్రం బల్బు కింద కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. బీడీ ఆర్పేసి విన్నాడు, ఒక్కసారి కూడా కదల్లేదు. అయిపోయాక అన్నాడు:

‘బాగుండాదమ్మా. అయితే దీంట్లో నేనేం జేస్తా ఉండాను?’

నాకు అర్థం కాలేదు. ‘గనిలో ఉన్నావు కదా నాన్నా’ అన్నాను.

‘ఉండాను సరే. ఏం జేస్తా ఉండాను?’

జవాబు చెప్పలేకపోయాను. పంతొమ్మిదేళ్లు ఆయన తెచ్చిన జీతంతో అన్నం తిన్నాను, ఆయన పొద్దున కిందికి దిగి సాయంత్రం పైకి వచ్చేలోపు చేతులతో ఏం చేస్తాడో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ‘పనికి పోయొస్తా’ అనేవాడు, అంతే.

ఆ రాత్రి చెప్పాడు. షిఫ్టుకి దిగాక ముందు మిషన్ ముట్టుకోకూడదట. గడ్డపార తీసుకుని నెత్తిమీద రాయిని తట్టాలి, తట్టి వినాలి. ఖంగుమంటే గట్టి రాయి. డబ్ మంటే లోపల బీట విచ్చింది, దాన్ని పారతో రాలగొట్టాలి. రాలగొట్టే ముందు వెనక్కి తప్పుకునే దారి చూసుకోవాలి. దారిలో గొట్టంగానీ తాడుగానీ ఉంటే ముందు అది తీసేయాలి. నాన్న వంటింట్లోకి పోయి పెరుగు కుండ తెచ్చాడు. వేలి కణుపుతో పెరుగు ఉన్నచోట తట్టాడు, పైన ఖాళీగా ఉన్నచోట తట్టాడు. ‘ఇదీ, ఇదీ. ఈ రెండింటికీ నడాన ఇంకో సప్పుడుంది. దానికి పేరు లేదు. అది నేర్సుకునేదానికి నాకు ఆరేండ్లు పట్టింది’ అన్నాడు. తర్వాత కుండ మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని ఆ మూడో చప్పుడు దొరుకుతుందేమోనని చుట్టూ తట్టి చూశాడు. పెరుగు కుండలో అది దొరకలేదు.

కింద ఏర్ బ్లాస్ట్ అయినప్పుడు, అంటే గని లోతున రాయి ఒత్తిడికి ఒక్కసారిగా పగిలినప్పుడు, మా ఇంట్లో గూటి మీద గిన్నెలు అదిరేవి. అమ్మ పొయ్యి మీదది పొయ్యి మీదే వదిలేసి గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తేది. ఆ గిన్నెల అదురు నా కథలో ఉంది. కానీ ఆ రాయి పడకుండా రోజూ పొద్దున ఒక మనిషి చెవి పెట్టి వింటాడన్న సంగతి లేదు. ఆ కథ చించేశాను. మళ్లీ రాయడానికి ఏడు నెలలు పట్టింది.

అందుకే నీ ‘ఏదో పని’ నన్ను అంతగా పట్టుకుంది. యాభై ఏళ్లుగా చిన్నవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే, మళ్లీ చెప్తున్నాను. నీ మనిషి ఏం పని చేస్తాడు? చేతులతో ఏం పట్టుకుంటాడు? నిలబడతాడా, కూర్చుంటాడా? ఎన్ని గంటలు? ఎంతిస్తారు, ఏ తారీకున ఇస్తారు, ఎంత కోస్తారు? ఉచ్చకి పోవాలంటే ఎవరిని అడగాలి? ఇవి తెలిశాక వాడి నిరాశ గురించి నువ్వు నాకు చెప్పక్కర్లేదు. ఇవి తెలియకుండా వంద పేజీలు చెప్పినా నేను నమ్మను.

నీ మొదటి రెండు పేజీల్లో చరిత్ర రాశావు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిందనీ, 1902లో శివనసముద్రం నుంచి గనులకి కరెంటు తెచ్చారనీ, బెంగళూరు ఊళ్లోకి కరెంటు రావడానికి ఇంకో మూడేళ్లు పట్టి 1905 అయిందనీ, ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్ల పైన లోతు పోయిందనీ, మొత్తం మీద సుమారు 800 టన్నుల బంగారం తీశారనీ, 2001 ఫిబ్రవరి 28న మూసేశారనీ. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మనకి బెంగళూరు కంటే ముందు కరెంటొచ్చింది అని మన ఊరివాళ్లందరూ గర్వంగా చెప్పుకుంటారు, నేనూ చెప్పుకున్నాను. కానీ ఇవి ఎవరైనా రాయగలరు నాయనా. గంటకి ఎన్ని పార్సిళ్లు స్కాన్ చేస్తే సూపర్‌వైజర్ ఊరుకుంటాడో, ఎన్ని తగ్గితే పిలుస్తాడో, ఆ లెక్క నీ దగ్గరే ఉంది. 800 టన్నులు ఒక్క వాక్యంలో చెప్పు. నీ గంట లెక్కకి పేజీ ఇవ్వు.

‘శవంలాంటి ఊరు’ అని ఇంకోచోట రాశావు. ఇది కూడా కొట్టెయ్. ఈ మాట మన ఊరికి కెమెరాలు పట్టుకుని వచ్చేవాళ్లది. సైనైడ్ దిబ్బల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటారు, తుప్పు పట్టిన షాఫ్టు తీసుకుంటారు, వసారాలో కూర్చున్న ముసలాయన్ని తీసుకుంటారు, సాయంత్రానికి వెళ్లిపోతారు. వాళ్లు మన ఊరిని మూడున్నరకి చూడరు. నువ్వు రోజూ చూస్తావు. ఒక లైన్‌లో ఎన్ని ఇళ్లలో దీపాలు వెలుగుతాయి ఆ వేళప్పుడు? ఎన్ని స్టవ్‌లు అంటుకుంటాయి? ఎన్ని సైకిళ్లు, ఎన్ని బైకులు స్టేషన్ వైపు పోతాయి? అంత పొద్దున అంతమంది లేచి స్నానం చేసే ఊరిని శవం అనడానికి నీకు నోరెట్లా వచ్చింది? నీ ఊరు నీకు అట్లా కనిపించలేదు. అట్లా రాస్తే సాహిత్యం అనుకుంటారని ఎవరో నీకు నేర్పారు.

మీ రైలు మా ఇంటి వెనక నుంచే పోతుంది. మారికుప్పం, ఛాంపియన్, ఊరిగాం, కోరమండల్, బంగారుపేట, మాలూరు, వైట్‌ఫీల్డ్ అన్నీ దాటి మా దగ్గరికి వచ్చేసరికి తలుపుల దగ్గర మనుషులు వేలాడుతుంటారు. మేడ మీద బట్టలు ఆరేస్తూ చూస్తుంటాను. ఒక్కో బోగీ ఒక్కో ఊరిలా ఉంటుందని మా తమ్ముడు చెప్పేవాడు. పేకాట బ్యాచ్‌కి ఒక మూల, భజన బ్యాచ్‌కి ఒక మూల, లగేజీ పలక మీద పడుకునేవాడికి ఒకే చోటు, వాడు రాకపోయినా ఆ చోటు ఇంకొకడు ముట్టుకోడు. పాస్ అయిపోయిన రోజు ఎవడు ఎవడికి డబ్బు సర్దుతాడో, నెలాఖరుకి ఎవడు ఎవడి డబ్బాలో చెయ్యి పెడతాడో, ఇదంతా నీకు అరచేతిలో ఉన్నట్టు తెలుసు. నీ నలుగురు స్నేహితులూ నాకు సైనైడ్ దిబ్బ మీద స్నేహితుల్లా కనపడలేదు. రైల్లో కూర్చోబెట్టు, కనపడతారు.

మా తమ్ముడి సంగతి చెప్పాలి నీకు. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

నాన్న దిగిపోయాక తమ్ముడు గనిలో చేరాడు. అప్పట్లో అంతే, నాన్న పైకి వస్తే కొడుకు కిందికి దిగేవాడు. మొదటి రోజు కేజ్‌లో, అదే గని లిఫ్టులో, దిగేటప్పుడు చెవులు మూసుకుపోతాయి, కడుపులో ఏదో పైకి తన్నుకొస్తుంది. పక్కనున్న పెద్దాయన ఎవరో భుజం మీద చెయ్యి వేస్తాడు, ‘నోరు తెరువు, మింగు’ అంటాడు. నాన్న స్నేహితుడో, ఎదురింటాయనో. సాయంత్రం పైకి వచ్చాక ఆ పిల్లాడిని పిల్లాడు అని ఎవరూ అనరు. తమ్ముడు పైకి వచ్చిన మొదటి రోజు అమ్మ వాడికి నాన్నకి పెట్టినట్టే పెద్ద గిన్నెలో పెట్టింది. వాడు తిన్న తీరు కూడా మారింది ఆ రోజు.

2001లో మూసేసినప్పుడు వాడికి ముప్పై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు. కొన్ని నెలలు ఇంట్లో ఉన్నాడు. తర్వాత ఒక రోజు మా ఇంటికి వచ్చి, ‘ఏదో పని దొరికిందిలే అక్కా, వైట్‌ఫీల్డ్ దగ్గర’ అన్నాడు. ఏం పని అని నేను అడగలేదు. నాన్నని అడగక ఒకసారి సిగ్గుపడ్డ మనిషిని, మళ్లీ అడగలేదు. దసరా ముందు ఒక రోజు వాడి పిల్లలకి బట్టలు కొని, ఇచ్చేసి వద్దామని బస్సెక్కి వెతుక్కుంటూ వెళ్లాను. పెద్ద అద్దాల బిల్డింగ్. గేటు దగ్గర ఎర్రా తెల్లా చారల కర్ర. ఆ కర్ర పైకెత్తుతున్నది వాడే. నీలం యూనిఫాం, భుజాల మీద పసుపు పట్టీలు, వాడికి వదులుగా ఉంది చొక్కా. కారు వచ్చింది. కర్ర లేపాడు, కారు లోపలికి పోయేదాకా సెల్యూట్ కొట్టి నిలబడ్డాడు. కారులో ఉన్నతను ఫోన్ చూసుకుంటున్నాడు. సెల్యూట్ దించాక వాడు నన్ను చూశాడు.

చూసి తల తిప్పుకున్నాడు. రిజిస్టర్ తీసుకుని కారు నంబర్ రాయడం మొదలుపెట్టాడు. నేను రోడ్డుకి ఇవతలే నిలబడి ఉన్నాను, సంచి చేతిలో ఉంది. రాయడం అయిపోయినా తల ఎత్తలేదు. నేను వెనక్కి తిరిగి బస్సెక్కాను. బట్టలు తర్వాత ఆదివారం ఇంటికి వెళ్లి ఇచ్చాను. వాడూ ఏం మాట్లాడలేదు, నేనూ ఏం మాట్లాడలేదు. వాడు కాళ్లు చాపుకుని కూర్చున్నప్పుడు చూశాను, మడమల దగ్గర వాచి ఉన్నాయి. పన్నెండు గంటల డ్యూటీకి కుర్చీ వేయరట. అది నాకు మా మరదలు చెప్పింది.

‘ఏదో పని’ అనేది వాడి నోట్లో అబద్ధం కాదు. మన మగపిల్లలు ఆ మాట సిగ్గుతో అంటారు. వాళ్ల నాన్న మూడు కిలోమీటర్ల లోతుకి దిగినవాడు, ఊళ్లో ఆ పనికి ఒక పేరుంది, భయంతో కూడిన మర్యాద ఉంది. కొడుకు కర్ర ఎత్తుతాడు, ట్రాలీ తోస్తాడు, పార్సిల్ స్కాన్ చేస్తాడు. ఇంటికొచ్చి నాన్న ముందు కూర్చుని ‘ఏదో పని’ అంటాడు. నాన్న కూడా ఇంకేం అడగడు. నీ పాత్ర నోట్లో ఆ మాట పెట్టు, తప్పకుండా పెట్టు, వాళ్ల నాన్న ముందు కూర్చోబెట్టి పెట్టు. కానీ రాసేవాడివి నువ్వు ఆ సిగ్గు పడకూడదు. వాడు దాచింది నువ్వు చూడాలి. నువ్వు కూడా వాడితో పాటు తల తిప్పుకుంటే ఆ పిల్లాడిని చూసేవాళ్లు ఇంకెవరున్నారు?

ఇప్పటి కుర్రాళ్లకి మొదటి రోజు భుజం మీద చెయ్యి వేసే పెద్దాయన ఎవరు? నీకెవరు వేశారు? గోడౌన్‌లో మొదటి రాత్రి నీకు స్కానర్ ఇచ్చి ఎట్లా పట్టుకోవాలో చూపించింది ఎవరు, నీకంటే రెండు నెలల ముందు చేరినవాడా? వాడిది ఏ ఊరు, ఏ భాష? మీరిద్దరూ ఏ భాషలో మాట్లాడుకున్నారు? పెద్దవాళ్లు లేకుండా పిల్లలు పిల్లల్ని పెద్దవాళ్లని చేస్తున్న చోటు అది. నా తరం దీన్ని రాయలేదు, మాకు తెలియదు. నీకు తెలిసి కూడా నలుగురిని దిబ్బ ఎక్కించి బీరు తాగించావు.

దిబ్బ గురించీ ఒక మాట. బంగారం తీశాక మిగిలిన రాతిపొడి అది, కోట్ల టన్నులు. ఎండాకాలం గాలికి లేచి అన్నంలో పడేది. అమ్మ ఆ నెలల్లో గిన్నెల మీద రెండు మూతలు పెట్టేది. ‘తెల్లని మృత్యుశిఖరం’ అన్నావు నువ్వు. నాకు ఆ రెండో మూత కావాలి.

నాకు ఈ పట్టుదల ఊరికే రాలేదు. 1974లో నేను బెంగళూరు వచ్చి వాచీల ఫ్యాక్టరీలో చేరాను. కంటికి భూతద్దం, చేతిలో చిమటా, వెంట్రుకకన్నా సన్నగా ఉండే స్ప్రింగ్‌ని పగలంతా చక్రానికి కూర్చడం. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేది. రాత్రి హాస్టల్లో కథలు రాసేదాన్ని. 1980 చివర్లో బెంగళూరు పబ్లిక్ సెక్టార్ ఫ్యాక్టరీల్లో సమ్మె మొదలైంది, 77 రోజులు నడిచింది. అప్పటికి నాకు పెళ్లయింది, ఒక పాప. ఆ 77 రోజులూ ఏ వారం ఇంట్లో ఏం అమ్మామో, ఏ కొట్టువాడు ఎంత అప్పిచ్చాడో, ఏ వారం నుంచి ఇవ్వడం మానేశాడో, పాపకి పాలు ఎన్నిసార్లు నీళ్లు కలిపానో ఆ లెక్కనే కథగా రాశాను. ఒక వారపత్రికకి పంపితే ఎడిటర్ తిప్పి పంపాడు. ‘కథ పద్దుల పుస్తకంలా ఉంది, కార్మికుడి ఆవేశం కనపడలేదు’ అని రాశాడు. ఇంకో పత్రిక ఆయన, ‘భార్యాభర్తల మధ్య ప్రేమ ఘట్టం పెంచితే చూస్తాం’ అన్నాడు. అది అచ్చు కావడానికి నాలుగేళ్లు పట్టింది. ఈ రోజుకీ నన్ను ఎక్కడైనా ఎవరైనా పలకరిస్తే ఆ పాల కథ గురించే. పాలల్లో నీళ్లు ఎన్ని చెంచాలు అన్నది కూడా గుర్తుపెట్టుకుని చెప్తారు. ఆవేశం కావాలన్న ఎడిటర్లు అచ్చేసిన ఆవేశం కథలు ఒక్కటి కూడా ఎవరి నోటా వినను.

మొన్నమొన్నటిదాకా అంతా జెండాలు కావాలన్నారు. తర్వాత పోటీలు వచ్చాయి, చివర్లో చావు ఉంటే తప్ప బహుమతి ఇవ్వరు. ఇప్పుడు మన ఊరి పేరు మీద ఒక పెద్ద సినిమా వచ్చింది కదా, అప్పట్నుంచి నాకు ఫోన్లు. మీది కేజీఎఫ్ కదమ్మా, అక్కడి డాన్‌ల కథ ఏమైనా ఉందా అని. మా లైన్లలో నాకు తెలిసిన అందరికన్నా ధైర్యవంతుడు రోజూ పొద్దున రాయి తట్టి విన్న మనిషి. ఆ కథ ఉంది, పంపమంటారా అంటే, చెప్తామమ్మా అని పెట్టేస్తారు. ఈ గాలికి నువ్వు కూడా కొంచెం ఊగావు. పదిహేనో పేజీలో ఆ గొలుసు పట్టుకుని కొట్టుకోవడం ఎందుకుంది? మీ నలుగురిలో ఎవడికైనా గొలుసు తిప్పేంత ఓపిక ఉందా రాత్రి డ్యూటీ దిగాక? తీసెయ్.

మన కోలారు తెలుగులో రాయొచ్చా, హైదరాబాద్ వాళ్లకి, విజయవాడ వాళ్లకి అర్థమవుతుందా అని అడిగావు. రాయి. అర్థమవుతుంది. కాకపోతే ఇంకోసారి చదువుకుంటారు. నాన్న సంగతి తర్వాత నేను కథగా రాసి పంపితే ఒక పత్రికలో వేశారు. అచ్చులో చూసుకుంటే నాన్న మాట ఇట్లా ఉంది: ‘చాలా బావుందమ్మా. ఇంతకీ ఇందులో నా పాత్ర ఏమిటి?’ నన్ను ఒక్క మాట అడగలేదు. ‘నేనేం జేస్తా ఉండాను’ అని చేతుల గురించి అడిగిన మనిషిని, పాత్ర గురించి అడిగే మనిషిని చేసేశారు. ఆ సంచిక నాన్నకి చూపించలేదు. నలభై ఏళ్లు దాటింది, ఆ కోపం నాకు తగ్గలేదు, తగ్గించుకోదల్చుకోలేదు కూడా. అందుకని నువ్వు ‘ఉండాది’ అంటే ‘ఉండాది’ అనే రాయి. తమిళం కలిస్తే కలవనీ, కన్నడం కలిస్తే కలవనీ. రైల్లో మీరు మాట్లాడుకునేది అదే కదా. మీ సూపర్‌వైజర్ హిందీలో తిడితే హిందీ మాట తెలుగు అక్షరాల్లో పెట్టు. అయితే ఒకటి, కథ చెప్పేవాడి వాక్యం మాత్రం తేటగా ఉంచు. ప్రతి మాటా వంకర తిప్పితే యాస అనిపించుకోదు, ప్రదర్శన అవుతుంది.

ఇప్పుడు ఆ చావు. రైలు తలుపు దగ్గర నిలబడ్డవాడిని కింద పడేశావు. నిజంగా అట్లా పడ్డవాళ్లు ఉన్నారు, నాకూ తెలుసు, మన ఊళ్లో అందరికీ ఒకరో ఇద్దరో తెలుసు. అందుకే అడుగుతున్నాను, వాడిని ఎందుకు చంపావు? నేను చదివినంతలో నాకు కనపడింది ఇది: సోమవారం వాడు ఏం చేస్తాడో నీకు తెలియదు. పని ఏమిటో తెలియని మనిషికి సోమవారం ఉండదు, కథకుడికి వాడిని వదిలించుకోవాలనిపిస్తుంది. వాడిని బతికించి సోమవారం పొద్దున పనికి పంపు. వాడు దిగాక ఎటు నడుస్తాడు, వ్యాన్ ఎక్కడ ఆగుతుంది, గేటు దగ్గర సంచి ఎవరు వెతుకుతారు, ఫోన్ ఎక్కడ పెట్టించుకుంటారు, లోపల ఎండాకాలంలో ఎంత వేడి, ఇవన్నీ రాస్తూ పో. నీ నాయకుడికి మొదటి జీతం వచ్చిన రోజు ఉంటుంది. దాన్ని వాడు అమ్మకి ఇస్తాడా, నాన్నకి ఇస్తాడా? ఎవరి చేతిలో పెట్టాలో తెలియక దేవుడి పటం ముందు పెడతాడా? నాన్న ఆ డబ్బు వైపు చూస్తాడా? మా తమ్ముడి కొడుకు తన మొదటి జీతంలో వాళ్ల నాన్నకి చెప్పులు కొన్నాడు, మెత్తటి అట్ట ఉన్నవి. తమ్ముడు అవి పెట్టె విప్పకుండా రెండేళ్లు బీరువా మీద పెట్టుకున్నాడు. అట్లాంటివి నీ దగ్గర ఉంటాయి, వెతుకు.

మా తమ్ముడి గేటు సంగతి నేను కథగా రాయడానికి పదకొండేళ్లు ఆగాను. వాడు చదివితే ఏమనుకుంటాడోనని. చివరికి రాసి, అచ్చుకి పంపే ముందు వాడికి చదివి వినిపించాను, నాన్నకి వినిపించినట్టే. విని, ‘కర్ర చేత్తో ఎత్తేది గాదక్కా. ఆ కొసన బరువుంటాది, తాడు వదిలితే అదే లేస్తాది. దించేదే కష్టం’ అన్నాడు. రోడ్డుకి ఇవతల నిలబడి నేను సరిగ్గా చూడలేదన్నమాట. దిద్దుకున్నాను. ఆ వాక్యం ఇప్పుడు ఆ కథలో ఉంది. మిగతాది వాడికి ఎట్లా అనిపించిందో వాడు చెప్పలేదు.

కాబట్టి కథ తిరగరాశాక నాకు పంపే ముందు నీతో పని చేసేవాడికి ఒకడికి చదివి వినిపించు. తెలుగు రానివాడైతే నోటితో చెప్పు. వాడు ఎక్కడ ‘అట్లా కాదు’ అంటాడో రాసుకో.

నాకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి, జవాబులో రాయి. ఆ స్కానర్ బరువెంత? పిస్తోలులా పట్టుకునేదా, వేలికి తొడుక్కునేదా? తప్పు పార్సిల్ అయితే చప్పుడు మారుతుందా? రాత్రి ఎన్ని గంటలకి తినడానికి వదులుతారు, అప్పటికి మీ అమ్మ పెట్టిన చిత్రాన్నం చల్లబడి గట్టిపడుతుందా? చెనక్కాయల ఊరిబిండి పెడుతుందా పక్కన? డబ్బాకి రబ్బరు బ్యాండు ఎందుకు వేస్తుందో మీ అమ్మని అడుగు. మూత వదులైందా, రైల్లో ఒరుగుతుందనా, మరి దేనికైనా గుర్తా.

వేలిని రాత్రి పడుకునే ముందు ఉప్పు వేసిన వేడినీళ్లలో కాసేపు ఉంచు. నాకూ చిమటా పట్టుకుని బొటనవేలు అట్లాగే బిగుసుకుపోయేది. రెండు వారాల్లో సర్దుకోకపోతే డాక్టరుకి చూపించు, ఆలస్యం చేయకు. ఉత్తరం ఎడంచేత్తో రాసినా పరవాలేదు, నేను చదువుకుంటాను.

ఆశీస్సులతో,
అమ్మ